బావి తవ్వకంలో రాయి ఏ పీడనానికి పగులుతుంది: ముందే అంచనా కట్టే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

చమురు, గ్యాస్ బావి తవ్వేటప్పుడు లోపల తిప్పే చిక్కటి ద్రవం డ్రిల్లింగ్ మడ్. దాని బరువు, అంటే సాంద్రత, తగ్గితే పొరల్లో ఉన్న ద్రవం బావిలోకి చొరబడుతుంది. అది కిక్. బరువు ఎక్కువైతే రాయి పగిలి మడ్ ఆ పగుళ్లలోకి పోతుంది. అది లాస్. ఈ రెంటి మధ్య మిగిలే జాగాను మడ్ విండో అంటారు. కేసింగ్ (బావి గోడను కాపాడే ఉక్కు గొట్టం) ఎక్కడ దించాలి, ఎన్ని సైజులు పట్టాలి, కిక్ వస్తే షూ (కేసింగ్ కింది కొస) దగ్గరి రాయి తట్టుకుంటుందా అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ విండో పై హద్దులో, అంటే రాతి పగులు పీడనంలో ఉంటుంది.

దీన్ని లెక్కకట్టే సూత్రాలు అరడజను పైనే ఉన్నాయి. ఏ సూత్రం మంచిదన్న చర్చ తెగదు, తెగాల్సిన అవసరమూ అంతగా లేదు. వాటిలో ఎక్కువ భాగం లోపల ఒకే రూపంలో ఉంటాయి. తేడా అంతా ఒక గుణకం విలువలో ఉంది. ఆ గుణకాన్ని పక్క బావుల్లో కొలిచిన డేటా నుంచి తీసుకున్నారా, లేక పుస్తకంలోని పట్టిక నుంచి ఎత్తి పెట్టారా అన్నదే అంచనా నాణ్యతను తేలుస్తుంది.

ముందు ఏ పీడనం కావాలో తేల్చుకోండి

‘పగులు పీడనం’ అన్న ఒకే మాటతో కనీసం మూడు వేర్వేరు విలువలను పిలుస్తుంటారు. బావి గోడ మీద మొదటి పగులు పుట్టే పీడనం ఒకటి. దీన్ని బ్రేక్‌డౌన్ అంటారు. ఆ పగులు రాయిలోకి దూరంగా పాకుతూ పోవడానికి కావలసినది రెండోది. పంపు ఆపాక పగులు మూసుకుపోయే పీడనం మూడోది. రాతిలో అడ్డంగా పనిచేసే కనిష్ఠ ఒత్తిడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఈ మూడోదే.

నిలువు బావిలో మొదటి పగులు పీడనానికి సూత్రం ఇది: మూడు రెట్లు కనిష్ఠ అడ్డ ఒత్తిడి, అందులోంచి గరిష్ఠ అడ్డ ఒత్తిడీ రంధ్ర పీడనమూ (రాతి రంధ్రాల్లోని ద్రవం పీడనం) తీసేసి, రాతి తన్యతా బలాన్ని (లాగితే తెగకుండా ఆగే బలం) కలపాలి. కనిష్ఠం 8,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), గరిష్ఠం 8,800, రంధ్ర పీడనం 6,240 అనుకోండి. తన్యతా బలం సున్నా అనుకున్నా 8,960 వస్తుంది, కనిష్ఠ ఒత్తిడి కన్నా దాదాపు వెయ్యి ఎక్కువ. గరిష్ఠం 11,000 అయితే అదే లెక్క 6,760కి పడిపోతుంది. అంటే గోడ మీద పగులు తొందరగానే పుడుతుంది గానీ, పీడనం 8,000 దాటేదాకా అది దూరం పాకదు, మడ్ పెద్దగా పోదు.

ప్లానింగ్‌కు కనిష్ఠ అడ్డ ఒత్తిడినే పై హద్దుగా పెట్టుకోవడం క్షేమం. గోడ మీద సహజమైన చీలిక ఒక్కటి ఉన్నా బ్రేక్‌డౌన్ ఇచ్చే అదనపు బలం దక్కదు.

కొలతల మొదలు, యూనిట్లు

తప్పులు ఎక్కువగా ఇక్కడే దొర్లుతాయి. లోతులన్నీ నిలువు లోతులే కావాలి, బావి వెంట కొలిచిన పొడవు కాదు. అన్నిటినీ రిగ్ రోటరీ టేబుల్ (రిగ్ మీద పైపును తిప్పే బల్ల) నుంచే లెక్కించాలి. మార్పిడికి ఒక్క సూత్రం చాలు: పీఎస్‌ఐ = 0.052 × మడ్ బరువు పీపీజీలో (గ్యాలన్‌కు పౌండ్లు) × నిలువు లోతు అడుగుల్లో. నీటి సాంద్రత, అంటే ఘన సెంటీమీటరుకు 1 గ్రాము, 8.345 పీపీజీకి, అడుగుకు 0.433 పీఎస్‌ఐకి సమానం.

సముద్రంలో ఇంకో చిక్కుంది. ఒక బావిలో వచ్చిన పీపీజీ విలువను నీటి లోతు వేరుగా ఉన్న ఇంకో బావికి అలాగే మోసుకెళ్లకూడదు. నీటి స్తంభం రాయి కన్నా తేలిక కాబట్టి, నీళ్లు లోతయ్యేకొద్దీ అదే రాతికి పీపీజీలో పగులు విలువ తగ్గిపోతుంది. మోసుకెళ్లాల్సింది గుణకాన్ని. దాన్ని సముద్రపు అడుగు నుంచి కొలిచిన లోతుకు ముడిపెట్టి తీసుకెళ్లాలి.

మొదటి అడుగు: పైభారం

పైనున్న పొరలన్నిటి బరువే పైభారం, ఓవర్‌బర్డెన్. డెన్సిటీ లాగ్ (బావిలోకి దించిన పరికరం కొలిచే రాతి సాంద్రత) విలువలను లోతు వెంట కూడుతూ వస్తే అది వస్తుంది. బావి కంత వెడల్పైన చోట్ల లాగ్ పరికరం గోడకు ఆనదు, రాయికి బదులు మడ్ సాంద్రతను చదువుతుంది. అందుకని క్యాలిపర్‌ను (బావి వెడల్పు కొలతను) పక్కన పెట్టుకుని, బిట్ సైజు కన్నా బాగా వెడల్పైన చోట్లను తీసేసి, పైకీ కిందికీ ఉన్న మంచి విలువల మధ్య గీత కలపండి.

పై రెండు మూడు వేల అడుగుల్లో డెన్సిటీ లాగ్ సాధారణంగా ఉండదు. సోనిక్ లాగ్ (రాతిలో ధ్వని వేగం కొలత) ఉంటే గార్డ్‌నర్ సంబంధం వాడండి: సాంద్రత = 0.23 × వేగం ఘాతం 0.25. వేగం సెకనుకు అడుగుల్లో వేయాలి, సాంద్రత ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో వస్తుంది. మెత్తటి పై పొరల్లో ఇది అంత నమ్మదగింది కాదు. అక్కడ ఆమోకో సంబంధం మేలు: సముద్రపు అడుగు నుంచి లోతును 3,125తో భాగించి, 0.6 ఘాతానికి పెంచి, 16.3 కలిపితే అక్కడిదాకా సగటు సాంద్రత పీపీజీలో వస్తుంది.

ఈ పనిని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. 9,000 అడుగుల రాతి మందంలో సగటు సాంద్రత 0.05 గ్రాములు తప్పితే పైభారంలో దాదాపు 195 పీఎస్‌ఐ తేడా వస్తుంది.

రెండో అడుగు: రంధ్ర పీడనం

షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) పొరల్లో రెసిస్టివిటీ (విద్యుత్ నిరోధం) లేదా సోనిక్ విలువలను తీసుకుని, మామూలుగా బిగుసుకున్న షేల్ అయితే ఆ లోతులో ఎంత ఉండాలో చూపే గీతతో పోల్చాలి. ఈటన్ పద్ధతిలో: రంధ్ర పీడనం = పైభారం − (పైభారం − సాధారణ నీటి పీడనం) × (చదివిన రెసిస్టివిటీ ÷ గీత మీది రెసిస్టివిటీ) ఘాతం 1.2. సోనిక్ ప్రయాణ కాలం వాడితే నిష్పత్తిని తిరగేసి, ఘాతం 3 పెట్టాలి. ఆ ఘాతాలు మొదలుపెట్టడానికే. ఇసుకరాయిలో నేరుగా కొలిచిన పీడనాలు, కిక్‌లు, కనెక్షన్ గ్యాస్ (పైపు కలపడానికి పంపు ఆపినప్పుడు వచ్చే గ్యాస్) లాంటి ఆధారాలతో వాటిని సరిచేయాలి. సున్నపురాయిలోనూ ఇసుకరాయిలోనూ ఈ పోలిక పనిచేయదు, షేల్‌లోనే.

మూడో అడుగు: గుణకం

ఇక అసలు సూత్రం:

పగులు పీడనం = రంధ్ర పీడనం + కె × (పైభారం − రంధ్ర పీడనం)

1957లో హబ్బర్ట్, విల్లిస్ ఈ రూపానికి పునాది వేశారు. గుణకం కె విలువ మూడోవంతు నుంచి సగం మధ్య ఉంటుందన్నారు. 1967లో మాథ్యూస్, కెల్లీ అది లోతుతో పెరుగుతుందని, ప్రాంతాన్ని బట్టి గీత గీసుకోవాలని చూపారు. 1969లో ఈటన్ దాన్ని పాయిజాన్ నిష్పత్తితో (నొక్కితే రాయి పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే సంఖ్యతో) రాశాడు: కె = నిష్పత్తి ÷ (1 − నిష్పత్తి). 1982లో డైన్స్ భూపొరల నెట్టుడు వల్ల వచ్చే అదనపు ఒత్తిడిని విడిగా కలిపాడు.

ఈటన్ సూత్రం వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. సోనిక్ లాగ్‌లోని రెండు తరంగ వేగాల నుంచి వచ్చే పాయిజాన్ నిష్పత్తిని తెచ్చి అందులో వేస్తే జవాబు చాలాసార్లు బాగా తక్కువ వస్తుంది. ఇసుకరాయికి లాగ్ నుంచి 0.25 వస్తే కె 0.33 అవుతుంది. లీక్-ఆఫ్ టెస్టు (షూ కింద పీడనం పెంచి రాయి ఎక్కడ వదులుతుందో చూసే పరీక్ష) డేటా మాత్రం 0.6, 0.7 అంటుంది. ఈటన్ వాడిన నిష్పత్తి లీక్-ఆఫ్, లాస్ సంఘటనల నుంచి వెనక్కి లెక్కించినది. దాన్ని సరిపెట్టే సంఖ్యగానే చూడాలి, రాతి స్థితిస్థాపక గుణంగా కాదు.

నాలుగో అడుగు: లీక్-ఆఫ్ టెస్టుతో సరిపెట్టడం

ఈ అడుగు మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. ముందు పక్క బావుల్లో చేసిన టెస్టుల గ్రాఫులు సంపాదించండి. రిపోర్టులో రాసిన ఒక్క అంకెతో సరిపెట్టుకోవద్దు. చాలా టెస్టులు లీక్-ఆఫ్‌దాకా వెళ్లవు. ముందే అనుకున్న పీడనందాకా పెంచి ఆపేస్తారు, దాన్ని ఎఫ్‌ఐటీ అంటారు. ఎఫ్‌ఐటీ చెప్పేది ‘రాయి కనీసం ఇంతకు ఆగింది’ అని మాత్రమే. దాన్ని లీక్-ఆఫ్‌గా లెక్కలో కలిపితే కె తప్పుగా తగ్గుతుంది.

టెస్టు సరిగా ఇలా జరగాలి:

1. సిమెంట్, షూ తవ్వేశాక 10 నుంచి 20 అడుగుల కొత్త రాయి తవ్వండి.
2. లోపలికి పోయే మడ్, బయటికి వచ్చే మడ్ ఒకే బరువుకు వచ్చేదాకా సర్క్యులేట్ చేయండి. పైన ఒక బరువు, కింద ఒక బరువు ఉంటే లెక్క అక్కడే చెడుతుంది.
3. బిట్‌ను షూ లోపలికి లాగండి. లైన్లలో గాలి లేకుండా నింపి, బీఓపీ (బావి తల మీది పెద్ద వాల్వులు) మూయండి.
4. రిగ్ పంపు వద్దు, సిమెంట్ యూనిట్‌తో నిమిషానికి పావు నుంచి అర బారెల్ చొప్పున ఎక్కించండి. ప్రతి పావు బారెల్‌కీ పీడనం గుర్తించండి.
5. గీత నిటారు దారి విడిచి వంగిందని వరసగా రెండు మూడు బిందువులు చెప్పగానే పంపు ఆపండి. వంగడం మొదలైన బిందువే లీక్-ఆఫ్.
6. మూసి ఉంచి పది నిమిషాలు, మొదట్లో ప్రతి పదిహేను సెకన్లకు, తరవాత నిమిషానికి ఒకసారి పీడనం రాసుకోండి.
7. విడుదల చేసి, తిరిగొచ్చిన మడ్ ఎంతో కొలవండి.

టెస్టుకు ముందే గ్రాఫు మీద ఒక గీత గీసి ఉంచండి. బావిలో 500 బారెళ్ల నీటి ఆధారిత మడ్ ఉందనుకుంటే, దాని సంపీడ్యత పీఎస్‌ఐకి సుమారు 0.000003 కాబట్టి, 1,000 పీఎస్‌ఐ ఎక్కడానికి ఒకటిన్నర బారెల్ చాలు. ఆయిల్ మడ్ ఇంకా ఎక్కువ కుంచించుకుంటుంది. అసలు గ్రాఫు ఈ గీత కన్నా బాగా పడుకుని కనిపిస్తే షూ వెనక సిమెంట్‌లో దారి ఉండొచ్చు, వాల్వ్ కారుతుండొచ్చు, లేదా కొత్త రాతిలో మడ్ ఇంకే ఇసుక పొర ఉండొచ్చు. మొదట్లో మాత్రమే వంకరగా ఉండి తరవాత నిటారైతే లైన్లో గాలి చిక్కుకుందన్న మాట, కంగారు అక్కర్లేదు.

గడ్డకట్టిన మడ్ జెల్‌ను కదిలించడానికి కొంత పీడనం ఖర్చవుతుంది. పైన చదివిన అంకెలో అదీ కలిసి ఉంటుంది. లోతైన బావిలో, సన్నటి యాన్యులస్‌లో (పైపుకూ బావి గోడకూ మధ్య సందులో) ఇది చిన్న మొత్తం కాదు. బావి అడుగున పీడనం కొలిచే పరికరం ఉంటే దాని విలువనే తీసుకోండి.

కనిష్ఠ ఒత్తిడి కచ్చితంగా కావాలంటే ఎక్స్‌టెండెడ్ లీక్-ఆఫ్ చేయాలి: రాయి పగిలి, పీడనం ఒక స్థాయి దగ్గర నిలబడేదాకా ఎక్కించి, ఆపి, పగులు మూసుకునే పీడనాన్ని గుర్తించి, మళ్లీ ఒకటి రెండుసార్లు తిప్పాలి. పంపు ఆపిన క్షణాన కనిపించే పీడనం కనిష్ఠ ఒత్తిడి కన్నా కొంచెం పైన ఉంటుంది. పీడనాన్ని కాలపు వర్గమూలం మీద గీస్తే వంపు తిరిగే చోట మూసుకునే పీడనం దొరుకుతుంది.

ఒక లెక్క మొత్తం

నీటి లోతు 1,000 అడుగులు, రోటరీ టేబుల్ నీటి మీద 80 అడుగుల ఎత్తున ఉన్న బావి తీసుకుందాం. షూ నిలువు లోతు 8,000 అడుగులు. టెస్టులో మడ్ 11.0 పీపీజీ, పైన లీక్-ఆఫ్ 1,650 పీఎస్‌ఐ.

షూ దగ్గర మడ్ స్తంభం: 0.052 × 11.0 × 8,000 = 4,576. దానికి 1,650 కలిపితే 6,226 పీఎస్‌ఐ, అంటే 14.97 పీపీజీ. పైభారం: సముద్రపు నీరు 1,000 × 0.445 = 445, రాయి 6,920 అడుగులు × సగటు 2.20 × 0.433 = 6,592, మొత్తం 7,037. రంధ్ర పీడనం 10.0 పీపీజీ, అంటే 4,160. ఇక కె = (6,226 − 4,160) ÷ (7,037 − 4,160) = 0.718. ఈటన్ భాషలో నిష్పత్తి 0.418.

ఇప్పుడు 10,000 అడుగుల దగ్గర. రాయి 8,920 అడుగులు, సగటు సాంద్రత 2.23; పైభారం 445 + 8,613 = 9,058. రంధ్ర పీడనం 12.0 పీపీజీ, 6,240. తేడా 2,818. కె 0.718 వేస్తే పగులు పీడనం 8,263 పీఎస్‌ఐ, 15.89 పీపీజీ. టెస్టు డేటా లేకుండా కె మూడోవంతు అనుకుని ఉంటే 13.81 వచ్చేది, సగం అనుకుంటే 14.71. రెండు పీపీజీల తేడా అంటే అక్కర్లేని కేసింగ్ ఒకటి ఎక్కువ దించడమే.

దీన్నే ఇంకో వైపు నుంచి చూడండి. రంధ్ర పీడనంలో అర పీపీజీ, అంటే 260 పీఎస్‌ఐ తప్పినా, జవాబులోకి చేరేది దానిలో 0.282 వంతే, 73 పీఎస్‌ఐ. పైభారంలో జరిగిన తప్పులో మాత్రం 0.718 వంతు జవాబులోకి వచ్చేస్తుంది. కె పెద్దదిగా ఉన్న చోట సాంద్రత మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలనడానికి కారణం ఇదే.

సూత్రం చెల్లని చోట్లు

పైన కట్టింది షేల్‌కు. అదే లోతులో ఇసుకరాయికి కె సాధారణంగా తక్కువ. 0.60 అనుకుంటే 7,931 పీఎస్‌ఐ, 15.25 పీపీజీ. ఓపెన్ హోల్‌లో (కేసింగ్ లేని భాగంలో) ఎన్ని పొరలుంటే వాటిలో అన్నిటికన్నా బలహీనమైనదే హద్దు. కాబట్టి షేల్‌కొక గీత, ఇసుకరాయికొక గీత వేరుగా గీయండి.

ఆ ఇసుకరాయి నుంచి అప్పటికే ఉత్పత్తి జరిగి పీడనం 1,500 పీఎస్‌ఐ తగ్గిందనుకోండి. రంధ్ర పీడనం 4,740 అని సూత్రంలో వేస్తే 7,331 వస్తుంది, 14.1 పీపీజీ. ఇది ప్రమాదకరమైన జవాబు. ఆ సూత్రంలో రంధ్ర పీడనం తగ్గినదానిలో పగులు పీడనం తగ్గేది (1 − కె) వంతే, ఇక్కడ 0.4. స్థితిస్థాపక లెక్క ప్రకారం పక్కలకు సాగలేని రాతిలో ఆ తగ్గుదల (1 − 2 × నిష్పత్తి) ÷ (1 − నిష్పత్తి) వంతు ఉంటుంది. ఇక్కడ మాత్రం అసలైన పాయిజాన్ నిష్పత్తే వేయాలి. 0.25 వేస్తే 0.67. ఫీల్డు కొలతల్లో ఇది చోటును బట్టి మారుతుంది గనక ఆ రిజర్వాయర్‌లో కొలిచినది ఉంటే అదే వాడండి. 0.65 తీసుకుంటే తగ్గేది 975, మిగిలేది 6,956 పీఎస్‌ఐ, 13.38 పీపీజీ. దాని పైన ఉన్న షేల్‌లో రంధ్ర పీడనం ఇంకా 12.0 పీపీజీయే కాబట్టి మడ్ 12.5 కన్నా తగ్గించలేరు. పంపు నడిచేటప్పుడు రాపిడి వల్ల అర పీపీజీ కలిస్తే 13.0. మిగిలింది 0.38. సూత్రాన్ని గుడ్డిగా నమ్మినవాళ్లు 1.1 ఉందనుకుంటారు.

ఉప్పు పొరల్లో రాయి మెల్లగా ప్రవహిస్తుంది కాబట్టి ఒత్తిడి అన్ని వైపులా దాదాపు సమానమై, కె ఒకటికి దగ్గరవుతుంది. గుహలూ సహజ పగుళ్లూ ఉన్న సున్నపురాయిలో మడ్ పోయిందంటే రాయి పగిలిందని కాదు, తెరుచుకుని ఉన్న దారి దొరికిందని. ఆ డేటాను కె లెక్కలో కలపకండి. భూపొరలు పక్కల నుంచి బలంగా నొక్కుకుంటున్న ప్రాంతాల్లో కనిష్ఠ ఒత్తిడి పైభారమే కావొచ్చు. అక్కడ ఈ సూత్రం మొత్తమే పనికిరాదు.

వాలు బావిలో గోడ చుట్టూ ఉండే ఒత్తిడి మారిపోతుంది. పైభారమే గరిష్ఠ ఒత్తిడైన చోట, గరిష్ఠ అడ్డ ఒత్తిడి దిశలో అడ్డంగా తవ్వితే మొదటి పగులు తక్కువ పీడనానికే పుడుతుంది. దూరంగా ఉన్న కనిష్ఠ ఒత్తిడి మాత్రం బావి వాలుతో మారదు. దాన్నే హద్దుగా పెట్టుకున్నవాళ్లకు ఈ చిక్కు తక్కువ.

చల్లటి మడ్ రాయిని చల్లార్చినా గోడ బలహీనపడుతుంది. స్థితిస్థాపక గుణకం 30 లక్షల పీఎస్‌ఐ, వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.00001, నిష్పత్తి 0.25 ఉన్న రాయిని పది డిగ్రీల సెల్సియస్ చల్లారిస్తే గోడ ఒత్తిడి సుమారు 400 పీఎస్‌ఐ తగ్గుతుంది. చాలాసేపు సర్క్యులేట్ చేశాక చేసిన టెస్టును, బావి వేడెక్కాక చేసిన టెస్టుతో పోల్చేటప్పుడు ఇది చూసుకోవాలి.

విండో గీసి, మార్జిన్ పెట్టడం

ఒక్క గీత గీయకండి. కనీస, మధ్య, గరిష్ఠ అంచనాలు మూడు గీయండి. కేసింగ్ డిజైన్‌కు రంధ్ర పీడనం గరిష్ఠ గీతను, పగులు పీడనం కనీస గీతను ఎదురెదురుగా పెట్టి చూడండి. పోల్చాల్సింది నిలకడగా ఉన్న మడ్ బరువును కాదు, పంపు నడిచేటప్పుడు వచ్చే ఈసీడీని (రాపిడి కలిసిన మడ్ బరువును). కేసింగ్ దించేటప్పుడు, సిమెంట్ వేసేటప్పుడు వచ్చే పీడనాలు దానికన్నా ఎక్కువ కావొచ్చు. అమెరికా సముద్ర బావులకు 2016 నియమాల ప్రకారం మడ్ బరువు, షూ టెస్టు విలువ లేదా అంచనాలోని కనిష్ఠ పగులు విలువ, ఏది తక్కువైతే దానికన్నా కనీసం 0.5 పీపీజీ కింద ఉండాలి. 2010లో మెక్సికో సింధుశాఖలో పేలిపోయిన మకోండో బావిని 20,200 అడుగులదాకా తవ్వాలనుకున్నారు. విండో ఇరుకై మడ్ పోతుండటంతో 18,360 దగ్గరే ఆపేశారు.

కిక్‌ను మూసినప్పుడు యాన్యులస్‌లో అనుమతించే గరిష్ఠ పీడనం కూడా ఇక్కడి నుంచే వస్తుంది: (14.97 − 12.5) × 0.052 × 8,000 = 1,027 పీఎస్‌ఐ. మడ్ బరువు మార్చిన ప్రతిసారీ దీన్ని తిరిగి లెక్కించి డ్రిల్లర్ దగ్గర రాసి ఉంచాలి.

తవ్వుతూ సవరించడం

లాస్ జరిగిన ప్రతిసారీ లోతు, రాయి రకం, ఆ క్షణపు ఈసీడీ, గంటకు ఎన్ని బారెళ్లు పోయాయో రాయండి. అప్పుడే కిందికి దిగుతున్న పైపు వల్ల సర్జ్ (పీడనంలో హఠాత్తు పెరుగుదల) వచ్చిందా, కంకర పేరుకుని యాన్యులస్ మూసుకుందా అన్నది చూడకుండా అంచనా గీతను కిందికి దించవద్దు. దించాలని తేలితే కె మార్చి మిగతా లోతంతా తిరిగి కట్టండి, ఒక్క బిందువును సరిచేసి వదిలేయొద్దు.

పంపు నడిచేటప్పుడు కొంత మడ్ పోయి, ఆపగానే అంతా తిరిగొచ్చేస్తే అది బెలూనింగ్ కావొచ్చు: ఈసీడీకి తెరుచుకున్న సన్నటి పగుళ్లు పంపు ఆగగానే మూసుకుంటున్నాయి. దాన్ని కిక్ అనుకుని మడ్ బరువు పెంచితే పగుళ్లు ఇంకా తెరుచుకుని లాస్ పెరుగుతుంది. అందుకని బావి మామూలుగా ఉన్నప్పటి నుంచే ప్రతి కనెక్షన్‌లోనూ, పంపు ఆపాక నిమిషానికి ఎంత మడ్ తిరిగొస్తోందో గ్రాఫు గీసి ఉంచండి. కొత్త గ్రాఫు పాతవాటిలాగే త్వరగా తగ్గుతూ ఆగిపోతే బెలూనింగ్. ఆగకుండా సాగినా, కొంచెం పెరిగినా, పోల్చడానికి పాత గ్రాఫు లేకపోయినా దాన్ని కిక్‌గానే తీసుకుని వెంటనే బావి మూయండి.